నయం చేశారు, లెక్క కూడా ఇవ్వండి

హాంబర్గ్‌కొచ్చాక అల్టోనాలోని డాక్టరమ్మ నన్ను మొదట అడిగింది ఇదే: "మీ ఛాతీకి ఎన్ని గ్రేల రేడియేషన్ ఇచ్చారు?" 24 ఏళ్లప్పుడు గుంటూరులో నాకు ఛాతీ మధ్యలో హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ గడ్డ బయటపడింది. కీమో, ఆపైన రేడియేషన్ అయ్యాక "నయమైందమ్మా, హాయిగా ఉండు" అని పంపారు. రేడియేషన్ మోతాదును కొలిచే గ్రేల్లో ఎంత పెట్టారో, గుండెను దెబ్బతీయగల కీమో మందు డాక్సోరుబిసిన్ మొత్తం ఎంత ఎక్కించారో రాసిన కాగితం మాత్రం చేతికివ్వలేదు.

ఆ కాగితం ప్రతి రోగి హక్కు.

హాడ్జ్‌కిన్ లింఫోమా ఇప్పుడు చాలామందికి పూర్తిగా నయమవుతోంది. కొలోన్‌లోని జర్మన్ హాడ్జ్‌కిన్ అధ్యయన బృందం 2024లో హెచ్‌డి21 అనే అధ్యయనం ఫలితాలు ప్రచురించింది. జబ్బు ముదిరాక బ్రెకాడ్ అనే మందుల వరస తీసుకున్నవారిలో, నాలుగేళ్ల తర్వాత వందకు 94 మంది జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు. వాళ్లలో చాలామంది పడుచువాళ్లు. నలభై, యాభై ఏళ్ల బతుకు ఇంకా ముందుంది. వైద్యం ఫలితాన్ని ఐదేళ్లకే తేల్చేస్తే ఆ బతుకు ఎవరి లెక్కలోకీ రాదు.

ఛాతీకి పెట్టిన రేడియేషన్ వల్ల పది, ఇరవై ఏళ్ల తర్వాత గుండె రక్తనాళాలు పూడుకుపోవచ్చు, థైరాయిడ్ మందగించవచ్చు. 30 ఏళ్లలోపు అది తీసుకున్న ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎక్కువ. అందుకే నాలాంటివాళ్లకు రేడియేషన్ అయిన ఎనిమిదేళ్ల నుంచే ఏటా రొమ్ము పరీక్షలు మొదలుపెట్టమంటారు. మోతాదు తెలియకపోతే ఏ డాక్టరైనా ముప్పును ఊహించాల్సిందే.

నన్ను బతికించింది ఆ మందులు, ఆ కిరణాలే. వాటి విలువ హాంబర్గ్‌కు బాగా తెలుసు. ఇక్కడి సెయింట్ జార్జ్ ఆస్పత్రి తోటలో, ఎక్స్‌రే, రేడియంలతో పనిచేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల పేర్లతో 1936లో స్మారకం నిలిపారు. ఆ ఆస్పత్రిలోనే పనిచేసి 1921లో కన్నుమూసిన ఎక్స్‌రే వైద్యుడు ఆల్బర్స్-షోన్‌బెర్గ్ వాళ్లలో ఒకరు. వాళ్ల కాలంలో ఒంటికి తగిలిన మోతాదు సరిగ్గా కొలిచే దారి లేదు. ఇప్పుడు ప్రతి గ్రే కొలుస్తున్నాం. కొలిచింది రోగికి చెప్పకపోవడమే అన్యాయం.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేదల క్యాన్సర్ చికిత్సకు డబ్బు కడుతున్నాయి. బిల్లు చెల్లించే ముందు ఆస్పత్రులకు ఒక్క షరతు పెట్టండి: మందుల పేర్లు, మొత్తం మోతాదులు, రేడియేషన్ ఎక్కడ ఎంత, ఇకపై ఏ పరీక్ష ఎప్పుడు. ఇవన్నీ తెలుగులో ఒక్క పేజీ.

చికిత్సలో ఉన్నవాళ్లు డిశ్చార్జి రోజునే ఆ పేజీ అడగండి. ఎప్పుడో నయమైనవాళ్లు ఆస్పత్రి రికార్డుల గదికి వెళ్లండి, పాత ఫైళ్లు పారేయకముందే.