ఆ అరగంట ఎవరిది?

పొద్దున్నే హైదరాబాద్‌లో ఉస్మానియా క్యాంపస్ రోడ్ల మీదో, పరేడ్ గ్రౌండ్స్ పరిసరాల్లోనో వాకింగ్ షూస్ వేసుకుని కనిపించేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. సరిగ్గా ఆ వేళకే మారేడ్‌పల్లి, పద్మారావునగర్ ఇళ్లలో కుక్కర్లు కూత పెడుతుంటాయి. పిల్లల బాక్సులు, ఆఫీసు క్యారియర్లు, మధ్యలో పాలు పొంగకుండా ఓ కన్ను.

2019 జాతీయ టైమ్ యూజ్ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజూ 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అసలు అప్పట్లో ఆ పని ముట్టుకున్న మగవాళ్లే నూటికి 26 మంది. ఇక ఆడవాళ్లకు వ్యాయామం చేయండని ఎన్ని సలహాలిచ్చి ఏం లాభం? ముందు వంటింటి పని పంచుకోవాలి.

వంట మానేసి బయటి టిఫిన్లతో సరిపెట్టుకోమనడం కాదిది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో 17 సూత్రాలతో ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. దేశంలో జబ్బుల భారంలో 56.4 శాతానికి సరైన తిండి లేకపోవడమే కారణమని అందులో అంచనా కట్టింది. రోజూ 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమంది. పప్పులను ఉడకబెట్టడం లేదా కుక్కర్లో వండడం మేలని కూడా చెప్పింది.

నిజానికి అరగంటలో కమ్మటి భోజనం తయారవుతుంది. గ్లాసు పెసరపప్పు కడిగి, తోటకూర, టమాటా, పచ్చిమిర్చి, పసుపు వేసి కుక్కర్లో ఒక గిన్నె, దాని మీద బియ్యం గిన్నె. మూడు విజిల్స్ వచ్చి ఆవిరి దిగేలోగా దోసకాయ పచ్చడి నూరుకోవచ్చు. ఆఖర్న ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, చిటికెడు ఇంగువతో తాలింపు. తోటకూర ముందు రాత్రే ఏరి పెట్టుకుంటే ఇంకా సులువు. ఆ ఏరడం, తరగడం టీవీ ముందు కూర్చున్న భర్తో కొడుకో చేయలేని పనేం కాదు.

అలా మిగిలిన వేళలో కాసేపు నడవమంటే, "రోజంతా ఇంట్లో తిరుగుతూనే ఉంటాగా, మళ్లీ నడకెందుకు?" అంటారు చాలామంది అమ్మలు. ఒళ్లు అలసే మాట నిజమే. కానీ ఇల్లు ఊడుస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా బుర్రలో రేపటి కూర లెక్క నడుస్తూనే ఉంటుంది. చెట్ల కింద, ఎవరూ పిలవని చోట నడిచినప్పుడే ఆ లెక్క ఆగుతుంది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం పెద్దవాళ్లకు అవసరమని, దానివల్ల ఆందోళన, కుంగుబాటు లక్షణాలు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

ఉద్యోగం చేసే ఆడవాళ్లకు కాస్త ఊపిరి సలిపేది రాత్రి భోజనాలయ్యాకే. తీరా అప్పటికి చాలా పార్కుల గేట్లకు తాళాలు పడతాయి, ఫుట్‌పాత్‌ల మీద బైకులు నిలబడతాయి. కాలనీ పార్కునైనా రాత్రి పదింటి దాకా తెరిచి ఉంచాలని సంక్షేమ సంఘాలు పట్టుబట్టాలి. దానికయ్యేది నాలుగు లైట్లు, ఒక వాచ్‌మన్ జీతం.