రంగుల పెట్టెలోని నల్లబిళ్ల

చిత్రలేఖనమునకు శాస్త్రమెందులకు, చేయి తిరిగిన చాలదా యని వాదించువారు మా రామచంద్రపురమున నిప్పటికిని గలరు. వర్ణశాస్త్రము పరదేశపు సరకనియు, దానిని చదివినచో సహజప్రతిభ చెడుననియు వీరి భయము. స్వరస్థానములు నేర్చిన పిల్లకు గొంతు చెడునని మాత్రము వీరెన్నడు ననరు!

విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రము మూలవర్ణము లయిదనియు, వాని కలయికచే వందలకొలది వర్ణములు పుట్టుననియు చెప్పుచున్నది. ఇదియు పరదేశపు సరకేనా? రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897–1925)గారికి ప్రతిభ తక్కువ యని యెవ్వరు నన్నది లేదు. అయినను వారు కూల్డ్రే దొరగారి ప్రోత్సాహమున 1916లో బొంబాయి జె.జె. కళాశాలకు పోయి నేర్చుకొనిరి. ఆ చదువు వారి తెలుగుదనమును చెరిపినదో లేదో రాజమహేంద్రవరములోని వారి చిత్రశాలయే చెప్పును.

ఇంతకును శాస్త్రము చెప్పున దేమి? పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకమునకు 1824లో అధికారియైన షెవ్రెల్ పండితునితో, నల్లనూలు వెలవెలబోవుచున్నదని కొందరు మొఱపెట్టుకొనిరి. పరీక్షింపగా నూలున దోషము లేదు. ప్రక్కనున్న నీలమే నలుపు బలమును హరించుచుండెను. దీనినే యాతడు 1839లో గొప్ప గ్రంథముగా విస్తరించెను. మన యింటనే చూడవచ్చును. ఎఱ్ఱని రవికగుడ్డను అరనిమిషము ఱెప్పవేయక చూచి తెల్లగోడవైపు తిరుగుడు. నీలిపచ్చని ఛాయ తోచును. అంచునకు ఏ రంగు నప్పునో బండారులంక నేతగాండ్రు ఈ గుణమెరిగియే కుదుర్తురు. వారి చేతనున్న యెఱుకను బడిపిల్లకు దాచుట యెందులకు?

బడులలో జరుగునది వేరు. ఆకు పచ్చన, ఆకాశము నీలము, నీడ నలుపు: ఇదియే పాఠము. కోతకు వచ్చిన వరిచేను పచ్చనా? ఎండలో నారవేసిన తెల్లపంచె ముడుతలలో నీలము లేదా? పసుపునకు నలుపు కలిపినచో నీడ రాదు, పాచిరంగు వచ్చును. కొంచెము ఊదా కలిపి చూచిన పిల్లను తప్పుపట్టు నుపాధ్యాయుని మే మెరుగుదుము. ఆ పిల్ల పిమ్మట కుంచె ముట్టలేదు. ఆడపిల్లకు ముగ్గు చాలునని యింటివారును సమాధానపడిరి!

వర్ణచక్రమును ఎక్కములవలె వల్లెవేయించువారితోను మాకు పొత్తు లేదు. అది కంటికి సాయము, కంటికి బదులు కాదు.

బడి పెద్దలను మేమడుగునది స్వల్పము. వారమున కొక గంట చిత్రలేఖనమున కిండు. పెట్టెనుండి నల్లబిళ్లను ఆరుమాసములపాటు తీసివేసి, ఎరుపు, పసుపు, నీలము, తెలుపు మాత్రము పిల్లల చేతికిండు.