సైన్స్ కబుర్లు: చెరువులో విషం, గొట్టంలో దారం



కార్తీక మాసం వస్తే వనభోజనాలకి మనవాళ్ళం ఏ చెరువు గట్టుకో చేరతాం కదా! ఇక్కడ అది ఎండలు మొదలయ్యే కాలం. నీటిమీద ఆకుపచ్చ రంగు ఒలకబోసినట్టు తేలే తెట్టు మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని నీలి ఆకుపచ్చ నాచు అంటారు గానీ, నిజానికది బాక్టీరియా. అందులో చాలా రకాలకి ఒంటినిండా ఉండేది ఒక్కటే కణం.

చిన్నదే అని తీసిపారెయ్యకండి. 1979లో క్వీన్స్‌లాండ్‌లోని పామ్ ఐలాండ్‌లో ఈ జాతి బాక్టీరియా చేరిన నీళ్ళు తాగి 148 మంది జబ్బుపడ్డారు. ఎక్కువమంది పిల్లలే. 1991లో డార్లింగ్ నది సుమారు 1000 కిలోమీటర్ల మేర పచ్చబడిపోయింది.

చిక్కేమిటంటే, విషం చేసే రకమూ, చెయ్యని రకమూ మైక్రోస్కోప్‌లో ఒకేలా కనిపించవచ్చు. మా కంప్యూటర్ల భాషలో చెప్పాలంటే పైన స్క్రీన్ ఒకటే, లోపలి ప్రోగ్రాం వేరు. ఆ ప్రోగ్రామే డి.ఎన్.ఎ. చదవాలంటే ముందు దాన్ని శుభ్రంగా బయటికి తియ్యాలి.

ఎలా తీస్తారు? సబ్బులాంటి పదార్థంతో కణం పొరని కరిగిస్తారు. ప్రొటీన్లని వేరుచేస్తారు. మిగిలిన నీటిలో ఉప్పు, చల్లటి ఆల్కహాల్ కలిపితే, పెరుగు చిలికితే వెన్న కట్టినట్టు, డి.ఎన్.ఎ. తెల్లటి దారాల్లా కనిపిస్తుంది. దాన్ని మళ్ళీ ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, నీళ్ళలో కరిగించి దాచుకుంటారు.

ఈ నాచుతో అంత తేలిక కాదు. బెండకాయ కోస్తే చేతికంటే జిగురు తెలుసుగా? అలాంటి జిగురే చాలా కణాల చుట్టూ ఉంటుంది. అది డి.ఎన్.ఎ.తో పాటే వచ్చేసి తర్వాతి పరీక్షని సాగనివ్వదు. అప్పుడు విషం చేసే జీన్ ఉన్నా లేనట్టే అనిపిస్తుంది! 2000లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీకి చెందిన డేనియల్ టిలెట్, బ్రెట్ నీలన్ ఇందుకు జాంథోజెనేట్ అనే రసాయనం వాడే పద్ధతిని ప్రచురించారు. గనుల్లో ఖనిజాన్ని రాతిపొడి నుంచి వేరుచేసేదీ ఈ కుటుంబం రసాయనమే. అదే ఏడాది వాళ్ళిద్దరూ జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి, మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేసే జీన్లని గుర్తించారు.

చివరగా ఒక్క మాట. నీళ్ళు కాచి తాగితే భయం లేదని మన అమ్మమ్మలు చెప్పేవారు. ఇక్కడ ఆ మాట చెల్లదు, కాచినా ఈ విషం పోదు. చెరువు దగ్గర హెచ్చరిక బోర్డు కనిపిస్తే పిల్లల్నీ, పెంపుడు కుక్కనీ నీళ్ళలోకి దించకండి. పులిహోర గట్టుమీద తిన్నా రుచిగానే ఉంటుంది!

వచ్చే సంచికలో మరో కబురుతో కలుద్దాం.