కుట్టుపని: అమ్మ చీరల బొంతకు ముక్కలెన్ని?

వనస్థలిపురమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. తల్లిగారు కాలధర్మము నొందిన పిమ్మట ఆమె కట్టి విడిచిన నేతచీరలు నాలుగు మిగిలినవి. అక్కచెల్లెండ్రు మువ్వురు. ఏ చీర ఎవరిదను మాట పుట్టకుండ, నాలుగింటిని కోసి మువ్వురకు మూడు అతుకుల బొంతలు కుట్టదలచినారు. ఒక్కొక్క బొంత 60 అంగుళముల వెడల్పు, 90 అంగుళముల పొడవు ఉండవలెను. ఆరంగుళముల చదరపు ముక్కలు కోసినచో బొంతకు 150 చాలును గదా యని వారి ప్రశ్న.

చాలవు. బజారులో మరల దొరకునట్టి బట్ట యైనచో ఒక్క మాటతో ముగించి యుందుము. ఇది దొరకునది కాదు. కత్తెర పడిన తరువాత చేయునది లేదు. కావున కొంత విపులముగ వ్రాయుచున్నాము.

మన యవ్వల కీ లెక్కతో పనిలేకుండెను. పాతచీరలు పొరలుగ పరచి, చిరిగినచోట నందిన ముక్క వేసి, టాకాలు వేసికొనుచు పోయెడివారు. ముక్కలన్నియు నొక్క కొలత నుండవలెనన్న కోరిక కలిగినప్పుడే గణితము వచ్చి కూర్చుండును.

రహస్యమంతయు కుట్టుకు విడుచు బట్టలో నున్నది. ముక్కకు ప్రతి ప్రక్కను పావు అంగుళము కుట్టులోనికి పోవును. ఆరంగుళముల ముక్క కుట్టిన తరువాత అయిదున్నర యగును. వెడల్పునకు 10, పొడవునకు 15 చొప్పున అతికినచో వచ్చు బొంత 55 అంగుళములు, 82½ అంగుళములు మాత్రమే. కాళ్లు బయటనే యుండును. కోరిన కొలత నిండుటకు 11 ముక్కల వరుసలు 17, అనగా 187 కావలెను. మూడు బొంతలకు 561.

ఇక చీరలలో నున్నదెంత? అంచులు విడదీయగా వెడల్పు 45 అంగుళములు, నిడివి ఇంచుమించు 216 అని వ్రాసినారు. కుచ్చెళ్ల భాగమును, కాలి యంచు ప్రక్కను నలిగి పలుచనైనవి; వానిని తీసివేయగా చీరకు 130 అంగుళములు గట్టిబట్ట. ఆరంగుళముల ముక్కలు అడ్డముగ 7, నిడివిని 21. చీరకు 147, నాలుగింటికి 588. లెక్కకు సరిపోయినను మిగులు 27 మాత్రమే. పాతబట్టలో నొక ముక్క పిగులుట, ఒకటి వంకరగ తెగుట సహజము. బొంతకు తొమ్మిది ముక్కల మిగులుతో కత్తెర పట్టుట మాకు ధైర్యము చాలదు.

ఆరున్నర యంగుళములు కోసినచో? కుట్టగా సరిగ ఆరు వచ్చును. బొంతకు 150, అందముగ కుదిరినది. కాని 45 అంగుళముల వెడల్పులో ఆరే పట్టి, ఆరంగుళముల పేలిక వృథాగ పోవును. చీరకు 120, మొత్తము 480, కావలసినవి 450. మిగులు 30.

ఏడున్నర కోయుడని మా సలహా. 45లో నిశ్శేషముగ ఆరు వచ్చును. కుట్టగా ముక్క ఏడంగుళములు. వరుసకు 9, వరుసలు 13, బొంతకు 117. కొలత 63, 91 అగును. కొంచెము పెద్దదైన బొంతను తిట్టువారు లేరు. నిడివిని 17 చొప్పున చీరకు 102, నాలుగింటికి 408. కావలసినవి 351. మిగులు 57! ముక్క కొలతను ముచ్చటను బట్టిగాక బట్ట వెడల్పును బట్టి నిర్ణయించినందున వచ్చిన లాభమిది. కుట్లును తగ్గును.

పంపకమును సులభమే. ప్రతి చీరనుండి ఒక్కొక్కరికి 34 ముక్కలు. వానిలో 29 చొప్పున కుట్టగా 116 అగును. తొమ్మిదియు పదమూడును బేసి సంఖ్యలు గనుక బొంత నట్టనడుమ నొక ముక్క ఒంటిగ నిలుచును. దానికి కొంగు ముక్క నుంచుడు.

పలుచనైన భాగములను పారవేయ నక్కరలేదు. చీరకు 86 చొప్పున 344 అంగుళముల నిడివి గలదు. లోపలి పొరకు బొంత కొకటికి 126 కావలెను, మూడింటికి 378. తక్కువైన 34 అంగుళములకు తండ్రిగారి పాత పంచె వేయవచ్చును. మేము వేయుడనియే చెప్పుదుము.

ఇట్టి బొంతలు మనకే పరిమితములు కావు. అమెరికాలో అలబామా రాష్ట్రమందలి గీస్ బెండ్ అను పల్లెలో మిస్సౌరీ పెట్‌వే అను నామె, భర్త మరణింపగా, 1942లో ఆయన పనిబట్టలతోనే బొంత కుట్టుకొనెను. ఆ పల్లె స్త్రీల బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో ప్రదర్శించిరి. వానిలో ముక్కలు సమముగ నుండవలెనన్న నియమము కానరాదు. మన సోదరికి సమభాగములు ముఖ్యము గనుక లెక్క తప్పదు.

అడుగు పొరకు దిల్‌సుఖ్‌నగర్ దుకాణములలో 36 అంగుళముల పన్నా నూలుబట్ట కొన్నచో బొంతకు 5 మీటర్లు పట్టును. రెండు పన్నాలు నడుమ అతుకవలెను. చీరలు ఏండ్లతరబడి ఉతికినవి గనుక ఇక ముడుచుకొనవు. కొత్తబట్ట ముడుచుకొనును, కావున ముందుగ తడిపి ఆరవేయుడు.

మంచి బట్టపై కత్తెర పెట్టుటకు ముందు, నలిగిన భాగమునుండి నాలుగు ముక్కలు ఏడున్నర చొప్పున కోసి వరుసగ కుట్టి కొలువుడు. 28½ అంగుళములు రావలెను. 28 మాత్రమే వచ్చినచో మీ చేయి కుట్టులోనికి ఎక్కువ బట్ట తీసికొనుచున్నదని యర్థము. కుట్టు సరిదిద్దుకొని, మరల నాలుగు ముక్కలు కుట్టి కొలువుడు.