వెనక సీటు మీద వాన పడదా?

చినుకు పడగానే మగమహారాజులు చేసే పని ఒకటుంది. మోటారుసైకిలు పక్కకి ఆపి, రెయిన్ కోటు తీసి తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని, అప్పుడు వెనక్కి తిరిగి, "నా వీపు చాటున ఒదిగి కూర్చో, తడవవులే!" అంటారు. ఎంత దయ!

ఆ మాటలో నిజమెంతో వెనక కూర్చునే ప్రతి ఆడదానికీ తెలుసు. ఆయన వీపు మన ముఖానికి కాస్త అడ్డే, కాదనను. ఒక పక్కకి తిరిగి కూర్చున్నవాళ్ళ మోకాళ్ళకి అడ్డేది? ఆయన కోటు మీంచి జారిన నీళ్ళు సీటు మీదికి, అక్కణ్ణించి మన చీరలోకి! చక్రం చిమ్మే బురద కుచ్చెళ్ళకి కానుక.

"నడిపేవాడు తడిస్తే ప్రమాదం కదా" అంటారు. నిజమే. చేతులు కొంకర్లు పోతే బ్రేకు పట్టలేరు. ఆయన కోటు తీసి మనకిమ్మని ఎవరన్నారు? రెండోది కొనమంటున్నాం, అంతే.

"గొడుగు వేసుకో" అనేవాళ్ళూ ఉన్నారు. కదిలే బండి మీద గొడుగు తెరచాపతో సమానం. గాలి దాన్ని వెనక్కి లాగితే బండీ తూలుతుంది, మనమూ తూలతాం.

బండి మీద ఇద్దరుంటారని చట్టానికి తెలుసు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం హెల్మెట్ ఇద్దరికీ ఉండాలంది. 1989 నాటి నిబంధనలు వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికైనా అడ్డు ఉండాలన్నాయి. చట్టానికి తట్టింది ఇంటాయనకి తట్టదేం?

అసలు తప్పు మనలోనూ ఉంది. "నాకెందుకండీ, మీరు తడవకండి" అని త్యాగం చేసేది మనమేగా! మనకి మాత్రం ఆఫీసు లేదా? తడిచీరతో సాయంత్రందాకా ఫాను కింద కూర్చుని, రాత్రికి జ్వరం వస్తే మిరియాల కషాయం కాచుకునేదీ మనమే.

కొనేటప్పుడు చూసి కొనండి. నీళ్ళు గుడ్డలోంచి కాదు, కుట్ల లోంచి దూరతాయి. లోపలివైపు కుట్ల మీద పట్టీ అతికించి ఉందో లేదో తిప్పి చూడండి. జిప్పు మీద మడత, మణికట్టు దగ్గర బిగింపు ఉండాలి. సల్వారు వేసుకునేవాళ్ళకి కోటూ పాంటూ మేలు. చీర కట్టేవాళ్ళకి పొడుగు కోటు. దాని అంచు చక్రం వైపు వేలాడకుండా ఒళ్ళోకి మడుచుకోవాలి. రెక్కల్లా ఎగిరే ముసుగు కోట్లు బండి మీద వద్దే వద్దు. తడిశాక తొడిగితే తడిని లోపల దాచుకోవడమే, మబ్బు పట్టగానే తొడుక్కోండి.

ఈసారి కొట్టువాడు "ఎన్ని కావాలమ్మా?" అంటే ఆయన మొహం చూడకండి. "రెండు" అనండి. మధ్యలో పిల్లాడు కూర్చుంటాడా? అయితే మూడు!