"అది గోండుల జబ్బు, మనకెందుకు" అనేటోళ్లకు



పోస్ట్ కొంచెం పొడుగుంది, ఓపికతో చదవండి. సికిల్ సెల్ టెస్టుల మీద మన గ్రూపులో మాటలు చూస్తున్న. మా తండాల పిల్లలు కొందరు "అది గోండుల, కోలాముల జబ్బు, మనకెందుకు" అంటున్నరు. ఇంకొందరు "పాజిటివ్ వచ్చినోళ్లతోని సంబంధం కలుపుకోవద్దు" అంటున్నరు. మొదటిది తెలివితక్కువ మాట. రెండోది అన్యాయం.

ముందు అసలు సంగతి. మన 11వ క్రోమోజోమ్ మీద హెచ్‌బీబీ అనే జన్యువు ఉంటది. బీటా గ్లోబిన్ అనే ప్రొటీన్ ఎట్ల తయారు కావాల్నో అందులో రాసి ఉంటది. రెండు బీటా, రెండు ఆల్ఫా గొలుసులు కలిస్తే హిమోగ్లోబిన్. ఒంటి నిండా ఆక్సిజన్ మోసేది అదే. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. జన్యువులో ఒక్క అక్షరం మారితే ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వాలీన్ వస్తది. ఆక్సిజన్ వదలంగనే ఆ హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కొని గట్టిపడుతది, కణం కొడవలి లెక్క వంగుతది. 120 రోజులు బతకాల్సిన కణం 10-20 రోజుల్లోనే పోతది. సన్న నాళాలు మూసుకపోయి భరించలేని నొప్పి లేస్తది.

ఈ జన్యువు కుల సర్టిఫికెట్ చూసి రాదు. ఆఫ్రికాలో ఉంది, అరేబియాలో ఉంది, గ్రీస్‌లో ఉంది. మలేరియా దండిగా ఉన్న చాలా చోట్ల నిలబడ్డది. ఎందుకంటే అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్కటే మారిన జన్యువు వస్తే ఆ మనిషి వాహకుడు, రోగి కాదు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి అతనికి చాలావరకు రక్షణ. అడవిల తరాలను బతికించిన మార్పును "చెడు రక్తం" అనుడేంది? 1910లో చికాగోలో డాక్టర్ హెరిక్ మొదటిసారి ఈ కణాల గురించి రాసింది కూడా ఇల్లు విడిచి చదువుకోవడానికి వచ్చిన ఒక స్టూడెంట్ రక్తం చూసే.

ఇగ పెండ్లి సంగతి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరే వాహకులై, రెండోవాళ్లకు తలసీమియా లాంటిది కూడా లేకుంటే ఏ బిడ్డకూ ఆ జబ్బు రాదు. ఇది చెప్పకుండా కార్డు చేతిల పెడితే అది ముద్ర అయితది. ఒక హాస్టల్‌లో రిపోర్టులు పేర్లతో సహా నోటీసు బోర్డుకు అంటించిన్రు. తెల్లారి నుంచి ఒక చెల్లె గ్లాసును పక్క మంచపామె వేరే పెట్టింది. అంటుకునే జబ్బే కాదు ఇది!

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 7 కోట్ల మందికి టెస్టులు, 2047 గడువు. మంచిదే. కానీ టెస్టు వైద్యం కాదు. హైడ్రాక్సీయూరియా అనే పాత గోళీ ఉంది. పుట్టకముందు మన ఒంట్లో ఉండే హిమోగ్లోబిన్‌ను మళ్లీ పెంచి నొప్పులను తగ్గిస్తది. అమెరికాలో జన్యువును ఎడిట్ చేసే చికిత్సకు 2023 డిసెంబర్‌లో అనుమతి వచ్చింది, అప్పటి ధర 22 లక్షల డాలర్లు. అది అడుగుతలేం. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం నుంచి మందులు దేశదేశాలకు పోతయి. ఆ వాసన పీల్చేది మనం, ఆ షిఫ్టులు చేసేది మన అన్నలు. ఉట్నూరు, ఆసిఫాబాద్ పక్క పీహెచ్‌సీల్లో ఏడాది పొడుగునా ఈ గోళీ ఉండాలనడం గొంతెమ్మ కోరికా?

అందుకే టెస్టుకు చెయ్యి చాపండి, రిపోర్టు మాత్రం మీ చేతికే ఇయ్యమనండి. మొదటి టెస్టుతోనే ఆగకుండా వాహకులా, రోగులా తేల్చే హెచ్‌పీఎల్‌సీ చేయమనండి. జబ్బు ఉన్నోళ్లు 2016 వికలాంగుల హక్కుల చట్టం కిందికి వస్తరు, సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి. ఎండలో, బట్టీల దగ్గర నీళ్లు తాగకుండా పనిచేస్తే నొప్పి తిరగబెడుతది, సెలవుల్లో కంపెనీ పనికి పోయే తమ్ముళ్లు యాది పెట్టుకోండి.

తండా, గూడెం అని మనమే గీత గీసుకుంటే అడిగే గొంతు సగమైతది. జై సేవాలాల్. జై సేవా.