ఆ గొడవ మనది కాదా?

2013 అల్లర్లలో ఇల్లూ వాకిలీ కోల్పోయిన ముస్లింల గోడే నకుల్ సింగ్ సాహ్నీ తీసిన ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ డాక్యుమెంటరీ. 2015 ఆగస్టులో ఢిల్లీ కిరోరీమల్ కళాశాలలో దాని ప్రదర్శనను ఏబీవీపీ అడ్డుకుంది. ఆ దౌర్జన్యంపై హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గళమెత్తింది అంబేడ్కర్ విద్యార్థి సంఘం. తదనంతర వివాదంలో ఐదుగురు విద్యార్థులను వసతిగృహం నుంచి బహిష్కరించారు. వారిలో రోహిత్ వేముల 2016 జనవరి 17న బలవన్మరణం పొందాడు.

చిత్రం చూపినందుకు కాదు, ఎందుకు చూపనివ్వరని అడిగినందుకు ఇంత!

కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టరాదంటూ 2022 మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అది దళితుల గొడవ అనుకునే ముస్లిం ఎవరైనా ఉంటే రోహిత్‌ను తలచుకోవాలి.

వచ్చే జనవరి 17న అమలాపురం, రాజోలు, కొత్తపేటలలో దళిత సంఘాలతో కలసి ఈ చిత్రాన్ని ప్రదర్శిద్దాం. అనుమతికి ముందుగానే దరఖాస్తు చేద్దాం. నిరాకరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా కోరదాం.